పొమ్మనే కాఫీ

వాగు అవతలింటి ఒస్తోయా బాబాయ్ మా గుమ్మంలో వంగి బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు, ఒక ముడి విప్పి ఊపిరి కోసం ఆగుతున్నాడు, మళ్ళీ వంగుతున్నాడు, అమ్మ మాత్రం పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు, ఎదురెళ్ళి రమ్మనాల్సిన పని నా మీద పడేసి రాగి గిన్నెలో నీళ్ళకేసి చూస్తోంది, ఆ నీళ్ళు మరగడం తప్ప లోకంలో ఇంకేమీ జరగడం లేదన్నట్టు. బాబాయ్ మేజోళ్ళు చేత్తో అల్లినవి, బొటనవేలి దగ్గర చిరిగాయి, ఆ చిరుగు పూడ్చే చెయ్యి, ఆయన భార్య స్తానా పిన్ని చెయ్యి, మొన్న వసంతంలో వాళ్ళ చర్చి వెనక మట్టిలో కలిసింది. "రండి బాబాయ్, లోపలికి రండి" అన్నాను, ఆ మాట నా గొంతుతో రాలేదు, ఆఫీసు గొంతుతో వచ్చింది, మా పైఅధికారి మార్లీస్ నేర్పిన గొంతు, ఎవరి పక్షమూ కాని గొంతు. వాగు అవతల మైదానం నుంచి బంతి చప్పుడు వస్తోంది. ధబ్. కాసేపాగి మళ్ళీ ధబ్. గురువారం కదా, పిల్లల ఆట రోజు.

మా నాన్న ఎక్కడున్నాడో తెలిసిన మనిషి ఈ యవోర్స్కో లోయలో ఈయనొక్కడే మిగిలాడని అందరూ అంటారు, ఈయన ఎదురుగా ఎవరూ అనరు. ఎక్కడున్నాడో అంటున్నాను, ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో అలాగే అంటున్నాం, మట్టిలో ఉన్న మనిషిని కూడా ఉన్నాడనే అంటాం, పోయాడు అనాలంటే ఎముక కావాలి. మసీదుకెళ్ళే మా వాళ్ళలో పోయినవాళ్ళ పేరు ఎత్తితే వెంటనే ఆత్మ చల్లగుండాలి అంటారు, ఊపిరి తీసినంత అలవాటుగా అంటారు, సమాధి లేనివాడికి మాత్రం ఆ మాట చేర్చరు. అమ్మ కూడా చేర్చదు. నాన్నని చామిల్ అనే అంటుంది, చామిల్‌కి పులుసులో ఉప్పు తక్కువుండాలి అంటుంది, పక్కగదిలోకి పిలిస్తే లేచి వస్తాడన్నట్టు. తప్పిపోయినవాళ్ళ ఎముకలు వెతికేవాళ్ళు వచ్చి నా వేలికి సూది గుచ్చి రక్తం తీసుకెళ్ళారు, ఎక్కడన్నా దొరికిన ఎముకతో సరిపోతే ఫోన్ చేస్తామన్నారు, అప్పట్నుంచి ఫోన్ మోగితే అమ్మ ముందు చేతులు కడుక్కుంటుంది, కడుక్కున్నాకే ఎత్తుతుంది. కరెంటు వాళ్ళు బిల్లు కోసం చేసినా సరే, అంతే.

వాగుకి అటు ఆయన ఇల్లు, ఇటు మా ఇల్లు, గట్టిగా పిలిస్తే పలికేంత దూరం. యుద్ధానికి ముందు ఆయనా నాన్నా కలప మిల్లులో ఒకే దుంగకి చెరో పక్క నిలబడి పనిచేసేవాళ్ళట. యుద్ధం వచ్చాక మావాళ్ళ ఉద్యోగాలు పోయాయి, తర్వాత ఇళ్ళు పోయాయి, ఆ తర్వాత మగవాళ్ళు పోయారు, ఈయనకి మాత్రం మున్సిపాలిటీ వాళ్ళు బుల్డోజర్ ఇచ్చి నడపమన్నారు. మేము తూజ్లా పట్నంలో ఒక బడి కసరత్తు హాల్లో, తర్వాత ఇంకెవరిదో ఇంట్లో, తర్వాత ఒక గదిలో బతికి, ఎట్టకేలకి తిరిగొచ్చాం, విదేశీయులు ఇచ్చిన ఇటుకలతో పాత పునాది మీదే ఇల్లు లేచింది, అప్పట్నుంచి కూడా ఆయన ఈ వాగు దాటలేదు. కొట్టు దగ్గర ఎదురైతే టోపీ తీసేవాడు, అమ్మ తల పంకించేది, అంతే. నిన్న రొట్టెల కొట్టు బయట నన్నాపి, తీసిన టోపీని చేతుల్లో నలుపుతూ, "రేపు కాఫీకి వస్తానని మీ అమ్మతో చెప్పు నాన్నా" అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే అమ్మ పిండి పిసకడం ఆపలేదు. "వస్తే రానీ. నువ్వు మాత్రం నోరు తెరవకు నెర్మానా. ఇంటికొచ్చినవాణ్ణి అడిగి చెప్పించుకోవడం మన ఇంటా వంటా లేదు. చెప్పేవాడైతే వాడే చెప్తాడు." ఆ పిండిని అంతసేపు పిసకాల్సిన పని లేదు. అది రాయిలా తయారైంది, రాత్రి నమిలి నమిలి మింగాం.

మార్లీస్ వాగు వంతెన దగ్గర తెల్లకారులో కూర్చుంది. నేను పనిచేసే విదేశీ సాయం సంస్థకి ఇక్కడ పెద్ద ఆవిడ, హాలండ్ మనిషి, మంచిది, నిజంగానే మంచిది, జ్వరం వచ్చినా సెలవు పెట్టదు. తను కూడా లోపల ఉంటానంది, ఇలాంటి మాటలప్పుడు శిక్షణ ఉన్నవాళ్ళు పక్కనుండాలంది. అమ్మకి చెప్తే, "శిక్షణ ఎందుకే, కాఫీ తాగడానికా?" అంది. అమ్మకి ఆ శిక్షణలు తెలుసు. ఒకసారి కొండమీది హోటల్‌కి తీసుకెళ్ళి వాళ్ళనీ మావాళ్ళనీ గుండ్రంగా కూర్చోబెట్టి రంగు కాగితాలిచ్చి మనసులో ఉన్నది రాయమన్నారు, ఆ విదేశీయుల మాటలు మాకూ మా మాటలు వాళ్ళకీ నేనే మార్చి చెప్పాను. ఇంటికొచ్చాక ఎలా ఉందమ్మా అంటే, "బావుంది. చంపినవాడికి పచ్చ కాగితం, చచ్చినవాడి పెళ్ళానికి పసుపుది. కోడికూర మాత్రం బాగా ఉడికింది" అంది. అప్పుడు కోపం వచ్చింది నాకు. మా ఇంట్లో పెద్ద చదువు గడప తొక్కింది నేనొక్కదాన్నే, పరాయి మేడల మెట్లు తుడిచి అమ్మ కట్టిన ఫీజులతో నేర్చుకున్న మాటలవి, సయోధ్య, పరస్పర విశ్వాసం, పునర్నిర్మాణం, ఆ మాటలు బల్ల మీద పెడితే అమ్మ వాటి మీదుగా చూసి ఉప్పు అందుకుంటుంది.

గోడవారన పరుపు బల్ల మీద చివర కూర్చున్నాడు బాబాయ్, లేచిపోవడానికి సిద్ధంగా ఉన్నవాడిలా. అమ్మ పిడి లేని బుల్లి కప్పుల్లో నురగ చెరిసమానంగా పంచి పోసింది, పక్కన చక్కెర బిళ్ళలు. ఇది రమ్మనే కాఫీ. మా దగ్గర మూడుంటాయి, మొదటిది రమ్మనేది, వాన గురించి, పంట గురించి, ఒంట్లో ఎలా ఉందని తాగేది. రెండోది మాటల కాఫీ, ఏ పని మీద వచ్చారో ఆ పని దీని మీద తేలాలి. మూడోది పొమ్మనే కాఫీ. దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు, గిన్నె మూడోసారి పొయ్యెక్కితే చాలు, వచ్చినవాళ్ళకి తెలుస్తుంది, తాగి లేస్తారు, ఇంకాసేపు ఉండమని ఇంటివాళ్ళు అంటారు, ఉండరు. చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి. మార్లీస్‌కి తెలియక మొదట్లో ఒకరింట్లో అయిదు తాగింది, ఆ ఇంటావిడ కాఫీగింజలు అయిపోయి పక్కింటికి పరిగెత్తింది, ఇప్పటికీ ఆ కథ చెప్పుకుని నవ్వుతారు.

"ఈ గిన్నె..." అన్నాడు బాబాయ్. కాఫీ కాచే రాగి జెజ్వా, పొడుగు పిడి, పొట్ట మీద సొట్ట. మాదే. యుద్ధానికి ముందు మాది. మేము తిరిగొచ్చిన ఏడాది ఒక పొద్దున తలుపు తీస్తే మెట్టు మీద ఉంది, తళతళా తోమి ఉంది, ఎవరూ కనబడలేదు, కానీ అంత మెరిసేలా తోమే చెయ్యి లోయలో స్తానా పిన్నిదొక్కటే. దాచిందా, దోచుకున్న దాంట్లోంచి తెచ్చిందా, అమ్మ అడగలేదు, వాడనూ లేదు, అలమరలో పైన పెట్టేసింది. ఇవాళ దించింది.

"సొట్ట చామిల్ పెట్టిందే" అన్నాడు బాబాయ్. "పేకాటలో నేను తొండి చేశానని నా నెత్తిన వెయ్యబోయాడు. నేను వంగాను. గోడకి తగిలింది."

"చేశావా మరి?" అంది అమ్మ.

"చేశాను."

అమ్మ పెదవుల చివర ఏదో కదిలింది, నవ్వు కాదు, నవ్వు ఉండే చోటు. ధబ్ మంది బంతి. కిటికీలోంచి కేకలు, గోల్ అయినట్టుంది.

ఆయన అమ్మని పేరు పెట్టి పిలుస్తూ తన ఆవు గురించి చెప్తున్నాడు. ఆ ఆవు మా సంస్థ ఇచ్చిందే, అటు కొన్ని ఇటు కొన్ని, చెవికి పసుపు బిళ్ళతో, మాకంటే ఎక్కువ కాగితాలతో. "పాలు ఇస్తుంది షుహ్రా, కాదనను. కానీ మార్లీసమ్మ ఊరి ఆవు కదా, చదును దేశం, కొండెక్కడం రాదు. ఇక్కడ పళ్ళెం పెట్టేంత చదును ఎక్కడుంది? తాడు తెంపుకుంటే చాలు నేరుగా ఆ మైదానంలోకే..." అని ఆగాడు. దగ్గు వచ్చింది. దగ్గు రాలేదేమో, తెచ్చుకున్నాడేమో, చాలాసేపు రుమాలు నోటి దగ్గరే పెట్టుకున్నాడు. నేను నీళ్ళిచ్చాను. ఆవుల పథకం బాగానే జరిగింది. దానికంటే బాగా జరిగింది మైదానం, అది నా మొదటి పని, నేనే రాసి పంపితే డబ్బు వచ్చింది, వాళ్ళ పిల్లలూ మా పిల్లలూ ఒకే జట్టులో ఆడాలని నియమం పెట్టాం, వాళ్ళ బడి వేరు మా బడి వేరు, ఒకే భవనంలో రెండు గుమ్మాలు, ఆ వల దగ్గర మాత్రం గుమ్మాల్లేవు. మున్సిపాలిటీ వాళ్ళు దేనికైనా ఏడాది తిప్పుతారు, ఆ స్థలం మాత్రం అడిగిన వెంటనే ఇచ్చేశారు, ఉచితంగా. కొలవడానికొచ్చిన ఇంజినీరు ఆశ్చర్యపోయాడు, ఇంత ఎగుడుదిగుడు లోయలో దేవుడు మీకోసం చాప పరిచి పెట్టాడు, తవ్వనక్కర్లేదు, పైన కంకర పోసి గడ్డిలాంటి పచ్చ తివాచీ వేస్తే చాలన్నాడు. మందుపాతరల వాళ్ళు అంతకుముందే వచ్చి అడుగడుగూ చూసి ఏమీ లేదన్నారు. వాళ్ళ యంత్రాలు ఇనుముకే మోగుతాయి. ప్రారంభం రోజున బాండు మేళం, రిబ్బను, బాబాయ్ మనవరాలు గోలు దగ్గర నిలబడి మొదటి బంతి ఆపింది, ఆయన మాత్రం కంచె బయటే ఉండిపోయాడు, టోపీ చేతిలో పట్టుకుని, తల వంచుకుని. మార్లీస్ ఫోటో తీసింది, ఊరి పెద్దకి కళ్ళు చెమర్చాయని కింద రాసింది. ఆ ఫోటో మా ఆఫీసు గోడ మీద ఉంది.

గిన్నె రెండోసారి పొయ్యెక్కింది.

మాటల కాఫీ. నేను కిటికీ కేసి చూడాలి, ఆయన మొహంలోకి చూడకూడదు, చూస్తే అడిగినట్టే. అడిగినట్టు చూసే కళ్ళు నావి, చిన్నప్పట్నుంచీ, తూజ్లాలో బస్సు దిగిన ప్రతి మగవాడి మొహంలోకీ అలా చూసేదాన్ని, ఒకాయన జాలిపడి చాక్లెట్ ఇచ్చాడు. నాన్న మొహం నాకు సగమే గుర్తు. అది మాట వరసకి అనడం కాదు. ఆ పొద్దున నాన్న ఇదే చోట, అప్పుడు ఇక్కడ పాత ఇంటి కిటికీ ఉండేది, చువ్వకి అద్దం తగిలించి గడ్డం గీసుకుంటున్నాడు, నేను స్టూలెక్కి ఆయన బుగ్గ మీద నురగ వేలితో తీసి నా బుగ్గకి పూసుకుంటున్నాను, అమ్మ తిడుతోంది, ఒక చెంప అయింది, రెండో చెంప నురగతో తెల్లగా ఉంది, అప్పుడు బయట నుంచి పిలుపు, మగవాళ్ళంతా రోడ్డు మీదికి రావాలని, మాట్లాడాలని, కాసేపే అని. నాన్న తువ్వాలుతో నురగ తుడిచేసుకున్నాడు. గీసిన చెంప నున్నగా మెరుస్తోంది, గియ్యని చెంప నల్లగా ఉంది. "వచ్చాక గీసుకుంటా" అన్నాడు అమ్మతో. నాతో ఇంకేదో అన్నాడు, వంగి, నన్ను నాన్నా అని పిలిచేవాడు, నాన్నా అన్న మాట గుర్తుంది, ఆ తర్వాత మాట ఎంత తవ్వినా దొరకదు. ఈ సగం చెంప సంగతి మేము ఎవరికీ చెప్పలేదు. వచ్చి రాసుకెళ్ళినవాళ్ళు ఎత్తు అడిగారు, పళ్ళు అడిగారు, వేసుకున్న చొక్కా రంగు అడిగారు, గడ్డం అడగలేదు. ఎముకకి గడ్డం ఉండదు కదా. అది అమ్మకీ నాకూ మధ్యే ఉండిపోయింది, ఇంట్లో దాచుకున్న బంగారంలా.

బాబాయ్ ఊపిరితిత్తుల గురించి చెప్పాడు. డాక్టరు చలికాలం దాటితే దాటినట్టు, లేకపోతే లేదన్నాడట. కొడుకు రదెంకో మున్సిపాలిటీలో ఉన్నాడు, ఇల్లు మార్చి పట్నం రమ్మంటున్నాడు. "రానన్నాను. స్తానా ఇక్కడే ఉంది. పోయే ముందు రెండు రోజులు నాతో మాట్లాడలేదు షుహ్రా. గోడకి తిరిగి పడుకుంది. చివరికి ఒక్క మాటంది, ఆ రాగి గిన్నెలో కాఫీ తాగిరా, అని. అర్థంకాలేదన్నట్టు నటించాను."

అమ్మ చక్కెర బిళ్ళని కాఫీలో ముంచి కొరికింది. నేను వేళ్ళు వేళ్ళలో బిగించి కూర్చున్నాను. చెప్పు బాబాయ్. చెప్పు. మార్లీస్ పాఠంలో ఉంది, మౌనాన్ని నింపకూడదు, మౌనం కూడా మాటే అని. ఆ పాఠాన్ని నేనే మా భాషలోకి మార్చి కాపీలు తీసి పంచాను. మౌనం మాటేం కాదు, మౌనం బరువు, నా ఒళ్ళో ఇప్పుడున్నది ఇసుక మూట. ఆయన కళ్ళు బల్ల మీద ఆల్‌బుకారా జాం సీసా మీద పడ్డాయి, అమ్మ మొన్నే కాచింది, నీలం ఆల్‌బుకారా పళ్ళు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కలియబెట్టి, చక్కెర వెయ్యకుండా. ఆయన ఆ సీసాని చూస్తూ మెత్తగా, ఏమీ ఆలోచించకుండా, అలవాటుగా అన్నాడు.

"చామిల్, ఆత్మ చల్లగుండాలి, దీన్ని చెంచాతో తినేవాడు."

పొయ్యిలో కట్టె ఒకటి చిటపటమంది.

ఆయనకి కూడా తెలిసింది. ఈ లోయలో పుట్టి పెరిగినవాడికి తెలియకుండా ఉంటుందా, మా మాటలు వాళ్ళకీ వాళ్ళ మాటలు మాకూ వచ్చు, దొరకని మనిషికి ఆ మాట ఎవరూ అనరు, మా ఇమాము అనలేదు, మా అత్త అనలేదు, నేను ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అనలేదు. అది అనాలంటే కళ్ళతో చూసి ఉండాలి. బాబాయ్ నోరు కాస్త తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఇప్పుడు చెప్తాడు. ఆ నోట్లో ఉంది, పెదవుల దాకా వచ్చింది, మా నాన్న ఆ పెదవుల వెనక ఉన్నాడు. అప్పుడు అమ్మ లేచింది. ఖాళీ కప్పులు తీసుకుంది. జెజ్వా కడిగింది, నీళ్ళు పోసింది, పొయ్యి మీద పెట్టింది.

మూడోసారి.

వద్దమ్మా. వద్దు వద్దు. నేను లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళాను, ఎలా వెళ్ళానో తెలియదు, అమ్మ మోచెయ్యి పట్టుకున్నాను, "ఏం చేస్తున్నావమ్మా" అన్నాను గుసగుసగా, "వెళ్ళిపోతాడు." అమ్మ మొహం నిప్పు వేడికి ఎర్రగా ఉంది, కళ్ళు పొడిగా ఉన్నాయి. "ఈ వంటింట్లో ఆ మాట పడకూడదు" అంది, పెదవులు కదపకుండా. "రేపు నేనిక్కడ రొట్టె కాల్చుకోవాలి. ఎల్లుండీ కాల్చుకోవాలి." "మరి చెప్పకుండా పోతే?" అన్నాను. అమ్మ పొడి రెండు చెంచాలు వేసి కలిపింది, కొంచెం పొయ్యి మీద పడి మాడిన వాసన వచ్చింది. ఇరవై ఏళ్ళు. మెట్లు తుడిచిన చెయ్యి, ఫోనుకి ముందు కడుక్కున్న చెయ్యి, ఇప్పుడు ఆ చెయ్యే ఆయన్ని పొమ్మంటోంది. నాకు అమ్మని తోసేసి ఆ గిన్నె వాగులో పారేయాలనిపించింది, ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది, పరిగెత్తి మార్లీస్‌ని పిలుచుకురావాలనిపించింది, ఆవిడకి ఈ కాఫీ సంగతి తెలియదు కదా, వచ్చి అయిదోది ఆరోది అడుగుతుంది, ఆయన్ని పోనివ్వదు. ఇవేవీ చెయ్యలేదు. ముందు గదిలోకి వెళ్ళాను. మాలో ఆడపిల్లకి చిన్నప్పుడే ఒక పని అప్పగిస్తారు, వచ్చినవాళ్ళు లోపల ఉండగా వాళ్ళ బూట్లని బయటి వైపు తిప్పి జతగా పెట్టాలి, పోయేటప్పుడు ఇబ్బంది లేకుండా. ఇల్లు లేనప్పుడు, కసరత్తు హాల్లో దుప్పటి పరుచుకుని ఉన్నప్పుడు కూడా దుప్పటి అంచున పక్క దుప్పటి వాళ్ళ బూట్లు తిప్పి పెట్టేదాన్ని. చేతులకి ఏదో ఒకటి కావాలి. బాబాయ్ బూట్లు, మడమలు అరిగినవి, బురద ఎండినవి, తిప్పి పెట్టాను.

లోపల అమ్మ గొంతు మామూలుగా ఉంది. "ఇంకో గుక్క తాగు ఒస్తోయా. ఆట అయ్యే వేళవుతోంది, నీ మనవరాలు చూస్తుంటుంది."

"అవును" అన్నాడు. "చూస్తుంటుంది."

తాగాడు. కప్పు పింగాణీ పళ్ళెం మీద పెట్టిన చప్పుడు వినిపించింది. అడుగున మడ్డి దాకా తాగినట్టున్నాడు. "ఇంకాసేపు కూర్చో" అంది అమ్మ, అనాలి కాబట్టి. "లేదులే, పోవాలి" అన్నాడు, అనాలి కాబట్టి. లేచాడు. అంతే. అయిపోయింది. చలికాలం దాటితే దాటుతాడు. ఆయన ముందు గదిలోకి వచ్చాడు, గోడ పట్టుకుని, వెనక అమ్మ, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, గుమ్మం దాటకుండా. మా గుమ్మం పాత ఇంటికి ఉన్నట్టు కొండ వైపు లేదు, విదేశీయుల పటంలో ఎటుంటే అటు పెట్టారు, వాగు వైపు, తలుపు తీస్తే వాగు, వాగు దాటితే కంచె, కంచె లోపల పచ్చగా మైదానం, ఎర్ర చొక్కాల పిల్లలు.

బాబాయ్ మెట్టు మీద కూర్చుని బూటులో కాలు పెట్టబోయి ఆగిపోయాడు. బూట్ల మొనల కేసి చూశాడు. తర్వాత తలెత్తి అవి చూస్తున్న వైపే చూశాడు. ధబ్.

"వీటిని ఎవరు తిప్పారు?"

"నేనే బాబాయ్."

"సరిగ్గానే తిప్పావు నాన్నా" అన్నాడు.

ఆయన వంగి తాళ్ళు బిగించుకోవడం మొదలుపెట్టాడు, మొహం కనబడటం లేదు, మాటలు మోకాళ్ళ మధ్య నుంచి వస్తున్నాయి, బూట్లతో చెప్తున్నట్టు. అప్పుడక్కడ గుంట ఉండేదని, మిల్లు వాళ్ళు రంపపు పొట్టు పోసే పల్లం. తనని పొద్దెక్కాక పిలిచారని. అప్పటికే అయిపోయిందని, తుపాకీ తను పట్టుకోలేదని, పట్టుకోలేదని రెండుసార్లు అన్నాడు. "మట్టి లాగి చదును చెయ్యమన్నారు. చేశాను. పైన చామిల్ ఉన్నాడు. ఒక పక్క చెంప నున్నగా ఉంది, ఒక పక్క గడ్డం ఉంది. ఇదేంటి వీడు సగమే గీసుకున్నాడు అనుకున్నాను. అప్పుడు నాకు వచ్చిన ఆలోచన అదే. ఇరవై ఏళ్ళుగా అదే వస్తోంది." ఊపిరి కోసం ఆగాడు. "బాగా చదును చేశాను షుహ్రా. అంత బాగా ఎందుకు చేశానో తెలియదు. పని వచ్చు కదా, అలా చేశాను. మీ అమ్మాయి రిబ్బను కట్టిన రోజు చెప్దామనుకున్నాను. నా మనవరాలు గోలు దగ్గర నిలబడింది. నోరు రాలేదు."

అమ్మ ద్వారబంధం పట్టుకుని నిలబడింది. ఆయన లేచి టోపీ పెట్టుకోబోయి, పెట్టుకోకుండా, చేత్తోనే పట్టుకుని మెట్లు దిగాడు, వాగు వంతెన వైపు, మార్లీస్ కారు పక్క నుంచి. కారులోంచి మార్లీస్ ఆయనకి చెయ్యి ఊపింది, బాగా జరిగినట్టుంది అన్న నవ్వుతో.

చెంప. సగం చెంప. అబద్ధమైతే ఆ మాట రాదు. నాన్న అక్కడ, నా మైదానం కింద, కంకర కింద, తివాచీ కింద, నేనే అడిగి తెచ్చాను, నేనే బొమ్మ గీయించి వల కట్టించాను, ప్రారంభం రోజు ఎత్తు మడమల బూట్లు వేసుకుని మధ్య గీత మీద నిలబడి ఉపన్యాసం ఇచ్చాను, ఈ నేల మీద కొత్త తరం కలుస్తుంది అన్నాను, చప్పట్లు కొట్టారు. అమ్మ మూడేళ్ళుగా ప్రతి గురువారం ఈ మెట్టు మీద కూర్చుని ఊలు అల్లుకుంటూ ఆట చూస్తుంది, ఎందుకమ్మా లోపలికి రా చలి అంటే, ఇక్కడ బావుంటుంది అనేది. బావుంటుంది. నాన్నకి అంత దగ్గరగా కూర్చుంది. నేను ఫోను తీశాను. ఎవరికి చెయ్యాలో నాకు తెలుసు, ఎముకల వాళ్ళకి, ప్రాసిక్యూటరుకి, ముందు వంతెన దగ్గరున్న మార్లీస్‌కి, ఆ వరస నాకు నిద్రలో లేపినా వచ్చు. రేపు పొద్దున మైదానం చుట్టూ పోలీసుల పసుపు పట్టీ కడతారు. తివాచీ కోస్తారు. ఎల్లుండి వాళ్ళ బడి గోడ మీద ఎవరో ఏదో రాస్తారు, మా వాళ్ళు ఇంకోటి రాస్తారు, ఆ ఎర్ర చొక్కాలు మళ్ళీ ఒక చోట కనబడవు. నాన్న ఇంటికి వస్తాడు. ఒక్కడే రాడు, ఆ గుంటలో ఉన్న అందరినీ తీసుకుని వస్తాడు.

"ఆగు" అంది అమ్మ.

మెట్టు మీద తన చోట కూర్చుంది. ఊలు లేదు చేతిలో, చేతులు ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి. "ఆట అయిపోనీ."

"అమ్మా..."

"పొద్దు గూకితే వాళ్ళే ఇళ్ళకి పోతారు. అప్పుడు చెయ్యి. పిల్లల మధ్యకి జీపులు వస్తే జడుసుకుంటారు."

నేను పక్కన కూర్చున్నాను. మెట్టు చల్లగా ఉంది. వంతెన అవతల బాబాయ్ కంచె దగ్గర ఎప్పటిలా బయటే నిలబడ్డాడు. ఆయన మనవరాలు గోలు దగ్గర నుంచి చెయ్యి ఊపింది, ఆయన ఊపలేదు. ఎవరిదో బంతి గాల్లోకి లేచి అందరి తలలూ పైకెత్తించి, నేల మీద పడింది. ధబ్. అమ్మ భుజం నా భుజానికి తగులుతోంది, బంతి పడ్డప్పుడల్లా ఆ భుజం కొంచెం అదురుతోంది, ఎవరో తలుపు తడుతున్నట్టు. కొండ నీడ మొదట గోలు మీద, తర్వాత మధ్య గీత మీద, తర్వాత ఇటు గోలు మీద పడింది. ఒక తల్లి పిలిచింది, ఇంకో తల్లి పిలిచింది, మా పేర్లూ వాళ్ళ పేర్లూ, చివరికి ఒక్క పిల్లే మిగిలి బంతిని కంచెకేసి ఒక్కత్తే కొడుతూ ఉంది, తాత చెయ్యి పట్టుకుంటే వెళ్ళిపోయింది.

చప్పుడు ఆగిపోయింది.

"చామిల్" అంది అమ్మ, మైదానం కేసి చూస్తూ. గొంతు సవరించుకుంది. "చామిల్, ఆత్మ చల్లగుండాలి, పిల్లలు ఆడుకుంటుంటే మధ్యలో ఎప్పుడూ లేపేవాడు కాదు."

లేచి లోపలికి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు వినబడింది, చాలాసేపు. తిరిగొచ్చి, ఇంకా తడిగా ఉన్న చెయ్యి నా ముందు చాపింది, ఫోను ఇమ్మని.